ఆకాశాన్ని వీడియోగా పట్టడం: సరిగ్గా పడిందో లేదో పరీక్షించడం ఎలా?

మనలో చాలామందికి పగలంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే ఉద్యోగం. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా అదే పని చేస్తానంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అయినా గత కొన్ని నెలలుగా నేను చేస్తున్నది సరిగ్గా అదే. కాకపోతే ఈసారి వెతుకుతున్న తప్పులు బ్యాంకు లెక్కల్లోనివి కావు, ఆకాశంలోనివి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆకాశాన్ని కంప్యూటరు తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు నుంచి వీడియో తీసేటప్పుడు దొర్లే తప్పులు.

సందర్భం ఇది. మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో ఒక గది పిల్లల సైన్సుకి కేటాయిస్తుంది. అక్కడ రెండు చిన్న చిత్రాలు చూపించాలని అనుకున్నాం. ఒకటి 2012లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోయిన దృశ్యం. రెండోది 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. కర్ణాటక, అప్పటి ఆంధ్రప్రదేశ్, ఒరిస్సాల మీదుగా చంద్రుడి నీడ వెళ్ళిన రోజు అది. హైదరాబాదు దగ్గర ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ నీడ దారిలోనే ఉంది. ఇక్కడికి వచ్చిపోయే మన అమ్మానాన్నల్లో చాలామందికి ఆ రోజు ఇంకా గుర్తే. తాతయ్య చూసింది మనవడికి చూపించవచ్చు కదా అన్నది మా ఆశ.

ఈ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. 2001లో క్రిస్ లారెల్ విడుదల చేసిన సెలెస్టియాలో మనం భూమిని వదిలి గ్రహాల మధ్య తిరగవచ్చు. ఫాబియన్ షెరో మొదలుపెట్టిన స్టెల్లేరియంలో మన పెరట్లో నిలబడి తలెత్తి చూసినట్టు ఆకాశం కనిపిస్తుంది. రెండింటి మూలగ్రంథమూ అందరికీ అందుబాటులో ఉన్నదే. నేరుగా సాఫ్ట్‌వేరే నడిపి చూపించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. కానీ హాల్లో ఉండే కంప్యూటరు ఎలాంటిదో తెలియదు, నడిపే స్వచ్ఛంద కార్యకర్త గంటకొకరు మారతారు. వీడియో అయితే ఒక మీట నొక్కితే చాలు.

చిక్కు అక్కడే ఉంది. తెర మీద చక్కగా కనిపించినది వీడియోలో అలాగే ఉంటుందన్న భరోసా లేదు. నేను పరీక్షించిన రికార్డింగు పరికరాల పేర్లు ఇక్కడ చెప్పను. ఎందుకంటే ఈ జబ్బులు ఏ ఒక్కదానివీ కావు. ఎక్కడ పుడతాయో, ఎలా పట్టుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు గడియారాలు

ఖగోళ సాఫ్ట్‌వేరు నుంచి వీడియో తీస్తున్నప్పుడు మూడు గడియారాలు నడుస్తుంటాయి. మొదటిది మన గోడ గడియారం. రెండోది సాఫ్ట్‌వేరు లోపలి ఆకాశ గడియారం. దాన్ని వెయ్యి రెట్లు వేగంగా తిప్పవచ్చు, వెనక్కి కూడా తిప్పవచ్చు. మూడోది వీడియో గడియారం, అంటే సెకనుకు ఇన్ని ఫ్రేములు అన్న లెక్క. రికార్డింగులో వచ్చే కాలదోషాలన్నీ ఈ మూడింటి మధ్య పొత్తు కుదరకపోవడం వల్ల వచ్చేవే.

మామూలుగా సాఫ్ట్‌వేరు నడుస్తున్నప్పుడు ఆకాశ గడియారం గోడ గడియారాన్ని చూసుకుని కదులుతుంది. ఒక ఫ్రేము గీయడానికి ఆలస్యమైతే తర్వాతి ఫ్రేములో ఆకాశం కొంచెం ఎక్కువ దూరం జరుగుతుంది. మన కంటికి అది పెద్దగా తెలియదు. కానీ వీడియోలో ఫ్రేములన్నీ సమాన వ్యవధిలో ఆడతాయి కనుక, ఆ హెచ్చుతగ్గులన్నీ గతుకుల రోడ్డు మీద బస్సులాగా కనిపిస్తాయి.

దీనికి సరైన మందు ఒక్కటే. రికార్డు చేస్తున్నంతసేపూ గోడ గడియారాన్ని పక్కన పెట్టేయడం. ఒక ఫ్రేము గీయడానికి అర సెకను పట్టినా, అయిదు సెకన్లు పట్టినా, ఆకాశం మాత్రం ప్రతి ఫ్రేముకూ ఒకే లెక్క ప్రకారం జరగాలి. సెలెస్టియా తన సొంత రికార్డింగులో చేసేది ఇదే. సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే, ఒక్కో ఫ్రేముకూ సెకనులో 30వ వంతు గడిచిందని భావించి ముందుకు వెళుతుంది. అప్పుడు తెర మీద అంతా నత్తనడకలా కనిపించవచ్చు. కంగారు పడనక్కర లేదు, వీడియో బాగానే వస్తుంది. బయటి నుంచి తెరను పట్టే పరికరాలకు మాత్రం ఈ సౌకర్యం ఉండదు. వాటికి తెలిసింది గోడ గడియారం ఒక్కటే.

జవాబు ముందే తెలిసిన ప్రశ్న

ఏ పరీక్షకైనా మొదటి సూత్రం: జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడగాలి. ఊరికే నక్షత్రాలను రికార్డు చేసి "బాగానే ఉందిగా" అనుకుంటే ఏమీ తేలదు. నాకు దొరికిన మంచి ప్రశ్న 2012 నాటి శుక్ర సంక్రమణం.

భూకేంద్రం నుంచి లెక్కిస్తే, శుక్రుడు సూర్యబింబాన్ని తాకినది 2012 జూన్ 5న అంతర్జాతీయ కాలమానం ప్రకారం 22 గంటల 9 నిమిషాలకు. పూర్తిగా వదిలినది మర్నాడు 4 గంటల 49 నిమిషాలకు. అంటే మొత్తం 400 నిమిషాలు, 24,000 సెకన్లు. ఆకాశ గడియారాన్ని వెయ్యి రెట్లు తిప్పితే ఇది 24 సెకన్ల వీడియో అవుతుంది. సెలెస్టియాలో ఎల్ మీట ఒకసారి నొక్కితే కాలం పది రెట్లు వేగమవుతుంది కనుక, మూడుసార్లు నొక్కితే వెయ్యి రెట్లు. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 24 సెకన్లకు 720 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకూ ఆకాశంలో 33 సెకన్ల పైన మూడోవంతు గడవాలి. ఇంత గుండ్రటి అంకెలు దొరకడం అదృష్టమే.

తెర మీద తేదీ, సమయం కనిపించేలా పెట్టుకుని రికార్డు చేయండి. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేముగా చూడండి. వీఎల్‌సీ ప్లేయరులో ఈ మీట నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. మూడు సంగతులు చూడాలి.

మొదటిది, ఫ్రేములు 720 ఉన్నాయా? మీ కంప్యూటరు సెకనుకు 20 ఫ్రేములే గీయగలిగితే, తెలివితక్కువ రికార్డరు 480 ఫ్రేములే రాసి ఊరుకుంటుంది. అది 16 సెకన్లలో అయిపోతుంది. శుక్రుడు ఒకటిన్నర రెట్లు పరుగెత్తుతాడు.

రెండోది, లెక్క సరిపోయినంత మాత్రాన సంబరపడవద్దు. కొన్ని రికార్డర్లు తగ్గిన ఫ్రేముల స్థానంలో పాత ఫ్రేమునే మళ్ళీ రాసి 720 పూర్తి చేస్తాయి. అందుకే ప్రతి ఫ్రేములోనూ తెర మీది సమయం 33 లేదా 34 సెకన్లు జరిగిందో లేదో చూడాలి. ఒకచోట సున్నా, మరోచోట 67 కనిపిస్తే దొంగ దొరికినట్టే.

మూడోది, చివరి ఫ్రేము. వీడియో అయిపోయేసరికి శుక్రుడు బయటపడ్డాడా? ఎవరైనా ఒక్కో ఫ్రేముకూ 33 సెకన్లు అని భిన్నాన్ని కత్తిరించేసి కలుపుకుంటూ పోతే, 720 ఫ్రేములకు 23,760 సెకన్లే అవుతాయి. నాలుగు నిమిషాలు మాయం. శుక్రుడు సూర్యుడి అంచు మీదే ఆగిపోతాడు. ప్రతి ఫ్రేము సమయాన్నీ ముందు ఫ్రేము నుంచి కాక, మొదటి ఫ్రేము నుంచి లెక్క కట్టుకోవాలి.

ఇంకో తమాషా. ఖగోళ సాఫ్ట్‌వేర్లు తేదీని జూలియన్ దినసంఖ్యగా దాచుకుంటాయి. మన సిద్ధాంత గ్రంథాల్లోని అహర్గణం లాంటిదే ఇది, ఒక మొదలు నుంచి లెక్కించిన రోజుల సంఖ్య. 2012 జూన్ 6 మొదలైన క్షణానికి అది 24,56,084.5. దీన్ని 64 బిట్ల దశాంశ సంఖ్యగా దాచుకుంటే సెకనులో పాతికవేల వంతు దాకా తేడా తెలుస్తుంది. పొరపాటున 32 బిట్లలో దాచుకుంటే తెలిసే అతి చిన్న తేడా పావు రోజు, అంటే ఆరు గంటలు! అలాంటి స్క్రిప్టుతో ఫ్రేములు తీస్తే సంక్రమణం మొత్తం రెండే బొమ్మల్లో తేలిపోతుంది.

ఎవరి తప్పు ఎవరిది?

ఇక్కడ ఒక జాగ్రత్త. వీడియోలో శుక్రుడు సూర్యుణ్ణి తాకిన సమయం పంచాంగంతో కొన్ని నిమిషాలు తేడాగా ఉందనుకోండి. అది రికార్డింగు తప్పు కాకపోవచ్చు. కాంతి మనల్ని చేరడానికి పట్టే సమయాన్ని సాఫ్ట్‌వేరు లెక్కలోకి తీసుకుందా లేదా అన్నదాని బట్టి కూడా అది మారుతుంది. సూర్యుడి నుంచి కాంతి రావడానికి ఎనిమిది నిమిషాల పైనే పడుతుందని తెలిసిందే. అనుకరణ ఆకాశంతో సరిపోతోందా అన్నది ఒక ప్రశ్న. వీడియో అనుకరణతో సరిపోతోందా అన్నది వేరే ప్రశ్న. రికార్డింగుని పరీక్షించేటప్పుడు రెండో ప్రశ్నే అడగాలి. అంటే వీడియోని తెరతో పోల్చాలి, పంచాంగంతో కాదు.

వేగం ఎంచుకోవడంలోనూ ఇలాంటి మెలికే ఉంది. 1980 గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మరుగైన సమయం జపాల్-రంగాపూర్ దగ్గర రెండు నిమిషాల పైచిలుకు మాత్రమే. శుక్రుడికి వాడిన వెయ్యి రెట్ల వేగమే దీనికీ వాడితే, ఆ రెండు నిమిషాలూ నాలుగు ఫ్రేముల్లో అయిపోతాయి. కన్ను మూసి తెరిచేలోగా గ్రహణం విడిచిపోతుంది. రికార్డరు ఫ్రేములు మింగేసిందని ఫిర్యాదు చేస్తే అన్యాయం. పది రెట్ల వేగం పెట్టుకుంటే అదే ఘట్టం 12 సెకన్లు, 360 ఫ్రేములు. పిల్లలకు చీకటి పడటం తెలియాలంటే ఇదే నయం.

అద్దంలో ఆకాశం

కాలం సంగతి అయింది, ఇక బొమ్మ సంగతి. పొరుగూరి కార్యకర్త ఒకరు వేరే రికార్డరుతో తీసిన నమూనా వీడియో నాకు పంపించారు. నక్షత్రాలు మాత్రమే ఉన్నాయి, నేల కనిపించదు. దాన్ని ఆడిస్తుండగా, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా మిత్రుడి నాన్నగారు చూశారు. పల్లెలో ఆరుబయట నులకమంచం మీద పడుకుని చుక్కలు చూస్తూ పెరిగినవారు. "ఇదేమిటి బాబూ, ఆర్ద్ర పైనుంటే రోహిణి కుడి పక్కన కదా ఉండాలి? అద్దంలో చూసినట్టుందే!" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఓపెన్‌జీఎల్ బొమ్మని కింది వరస నుంచి పైకి చదువుతుంది. చాలా బొమ్మ ఫైళ్ళు, వీడియోలు పై వరస నుంచి కిందికి రాసుకుంటాయి. మధ్యలో ఎవరో ఒకరు వరసలు తిరగేయాలి. మరిచిపోతే బొమ్మ తలకిందులవుతుంది. ఇల్లో, మనిషో అయితే వెంటనే తెలుస్తుంది. నక్షత్రాలకు పైనా కిందా ఏముంది? పైగా ఇది తిప్పి పెడితే సరిపోయే తప్పు కాదు. వరసలు తిరగబడితే వచ్చేది అద్దంలో ప్రతిబింబం. తల ఎటు వంచి చూసినా అసలు ఆకాశంతో కలవదు. అలాంటి వీడియో చూసిన పిల్లవాడు రాత్రి పెరట్లోకి వెళ్ళి వెతికితే ఏ చుక్కా చెప్పిన చోట దొరకదు. తప్పు తనదే అనుకుంటాడు, పాపం.

పరీక్ష తేలిక. మృగశిర ప్రాంతాన్ని చూపించి, ఆర్ద్ర పైకి వచ్చేలా తిప్పుకోండి. నడుము పట్టీలోని మూడు చుక్కల గీతను ఎడమకు పొడిగిస్తే లుబ్ధకుడు, అంటే సిరియస్, రావాలి. కుడికి పొడిగిస్తే రోహిణి రావాలి. అటుది ఇటయితే అద్దమే.

అదే చోట రంగులూ చూడవచ్చు. ఆర్ద్ర ఎర్రగా, కాలి దగ్గరి రైజెల్ నీలి తెలుపుగా ఉండాలి. కొన్ని పద్ధతులు రంగుల్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో రాస్తే, కొన్ని నీలం ముందు రాస్తాయి. రెండూ తారుమారైతే ఆర్ద్ర నీలంగా, అంగారకుడు నీలంగా కనిపిస్తారు. తెల్లటి చంద్రుడితో పరీక్షిస్తే ఈ దోషం ఎన్నటికీ బయటపడదు.

మరొకటి కిటికీ వెడల్పు. కావాలనే 1023 పిక్సెళ్ళ వెడల్పు పెట్టి చూడండి. పిక్సెలుకు 3 బైట్లు చొప్పున ఒక వరస 3,069 బైట్లు. కానీ వరసలు నాలుగు బైట్ల లెక్కన సర్దుకునే చోట అది 3,072 అవుతుంది. రికార్డరుకి ఆ సంగతి తెలియకపోతే ప్రతి వరసా ఒక పిక్సెలు పక్కకు జరిగి, గుండ్రటి చంద్రుడు ఏటవాలుగా సాగిపోతాడు. 1024 వెడల్పుతోనే ఎప్పుడూ పరీక్షిస్తే ఇది దాక్కునే ఉంటుంది.

అరుంధతి పరీక్ష

పెళ్ళిలో అరుంధతీ నక్షత్రం చూపించడం మనకు తెలుసు. పట్టపగలు పెళ్ళయినా "కనిపించిందా?" అంటే "కనిపించింది" అనేస్తాం. వీడియో విషయంలో మాత్రం అబద్ధం చెల్లదు.

సప్తర్షి మండలంలో వసిష్ఠుడికి, అరుంధతికి మధ్య దూరం ఆకాశంలో సుమారు 12 కళలు, అంటే డిగ్రీలో అయిదో వంతు. తెర వెడల్పులో 60 డిగ్రీల ఆకాశం చూపిస్తున్నారనుకుందాం. 640 పిక్సెళ్ళ వీడియోలో ఒక్కో పిక్సెలు సుమారు అయిదున్నర కళలు. అంటే ఆలుమగల మధ్య ఎడం రెండే పిక్సెళ్ళు. 1920 పిక్సెళ్ళ వీడియోలో ఆరు.

ఇప్పుడు దీని మీద కుదింపు పని చేస్తుంది. వీడియోని కుదించే కోడెక్‌లు మనుషుల ముఖాలు, చెట్లు, గోడలు వంటి నునుపైన దృశ్యాల్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. నల్లటి నేపథ్యం మీద ఒకే పిక్సెలు వెలుగు వాటికి రేడియోలో గరగర లాంటిది. మొదట పారేసేది దాన్నే. పైగా ఎక్కువగా వాడే పద్ధతిలో రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్ళకు ఒకటి చొప్పున మాత్రమే దాచుకుంటారు. ఒంటి పిక్సెలు ఎర్ర నక్షత్రం తన రంగును చుట్టూ ఉన్న నలుపుతో పంచుకుని వెలవెలబోతుంది. అందుకే కొన్ని వీడియోల్లో సన్నటి చుక్కలు సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి వెలిగి, నెమ్మదిగా మసకబారి, మళ్ళీ వెలుగుతుంటాయి. అది నక్షత్రాల మిణుకు కాదు, కోడెక్ అప్పుడప్పుడు పూర్తి ఫ్రేము రాయడం వల్ల వచ్చే మిణుకు.

కాబట్టి వీడియోలో అరుంధతి విడిగా కనిపిస్తోందా అని చూడండి. కనిపించకపోతే కుదింపు తగ్గించండి, లేదా నక్షత్రాల చుక్కల పరిమాణం పెంచండి.

ఫైలు పగిలినప్పుడు

అయితే కుదింపే వద్దు అనుకుంటే? 640, 480 పిక్సెళ్ళ వీడియోకి ఒక ఫ్రేము 9,21,600 బైట్లు. సెకనుకు 30 చొప్పున 27.6 మెగాబైట్లు. పాత ఏవీఐ పద్ధతికి ఉన్న 2 గిగాబైట్ల హద్దు 77 సెకన్లకే వస్తుంది. 1920, 1080 పిక్సెళ్ళకయితే సెకనుకు 186 మెగాబైట్లు, హద్దు పదకొండున్నర సెకన్లకే. మన 24 సెకన్ల శుక్రుడు సగంలో ఆగిపోతాడు. ఆ హద్దు లేని పద్ధతి వాడినా మొత్తం ఫైలు 4.48 గిగాబైట్లు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు మీద ఒక ఫైలు 4 గిగాబైట్ల లోపే ఉండాలి కనుక అందులోకి ఎక్కదు. "ఇంట్లో బాగానే ఆడింది, హాల్లో ఆడలేదు" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే.

మరో సంగతి. ఏవీఐ ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక చివర్లో రాస్తారు. రికార్డింగు ఆపకుండా సాఫ్ట్‌వేరు మూసేసినా, మధ్యలో అది కూలిపోయినా సూచిక ఉండదు. ఫైలు పెద్దగానే ఉంటుంది కానీ సరిగ్గా ఆడదు.

ఇన్ని బాధలు పడ్డాక నేను స్థిరపడ్డ దారి ఇది. వీడియోని నేరుగా తీయను. ఒక్కో ఫ్రేమునూ విడి బొమ్మగా దాచుకుంటాను. స్టెల్లేరియం స్క్రిప్టులో తేదీ, సమయం మనమే చెప్పి, తెర బొమ్మ తీయమని ఆజ్ఞ ఇవ్వవచ్చు. అలా 720 సార్లు. తర్వాత ఆ బొమ్మలన్నిటినీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో కలిపి వీడియో చేసుకోవచ్చు. 500వ బొమ్మ దగ్గర కరెంటు పోయినా 500 బొమ్మలు మిగులుతాయి. కుదింపు నచ్చకపోతే మళ్ళీ ఆకాశం దగ్గరకు వెళ్ళనక్కర లేదు, బొమ్మల నుంచే ఇంకోసారి కలుపుకోవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది, నిజమే. రాత్రి మొదలుపెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది.

ఫిర్యాదు రాసే పద్ధతి

ఈ సాఫ్ట్‌వేర్లు నిలబెడుతున్నవాళ్ళలో చాలామంది మనలాగే ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో పనిచేసేవారు. "వీడియో రావడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ఇవి రాయండి: సాఫ్ట్‌వేరు ఏ వెర్షను, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ గ్రాఫిక్స్ కార్డు, కిటికీ కొలతలు, సెకనుకు ఫ్రేములు, ఏ కోడెక్. రావలసిన ఫ్రేములెన్ని, వచ్చినవెన్ని. తప్పు మొదట కనిపించిన ఫ్రేము సంఖ్య. ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడండి. కొలతలు, కోడెక్ రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. గంట వీడియో పంపవద్దు. తప్పు కనిపించే అయిదు సెకన్లు చాలు.

సూర్యబింబం మీద శుక్రుడు మళ్ళీ కనిపించేది 2117 డిసెంబరులో. ఇప్పుడు మన పిల్లల గదిలో కూర్చునేవాళ్ళలో దాన్ని చూసేవాళ్ళు దాదాపు ఉండరు. వాళ్ళకు ఆ దృశ్యం తెలిసేది ఇలాంటి వీడియోల ద్వారానే. అందుకని అది అందంగా ఉంటే చాలదు, నిజంగానూ ఉండాలి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి ప్రయత్నం చేస్తుంటే ముందు 24 సెకన్ల శుక్రుడితో మొదలుపెట్టండి. ఫ్రేములు 720 వచ్చాయో లేదో, అరుంధతి కనిపించిందో లేదో మాకూ రాయండి.